రోజూ రైల్లో మూడు గంటలు: నవల ఎలా చదువుతున్నారు?

పాపాఘ్ని వంతెన:

అందరికీ నమస్కారం. నేను కడపలో ఉంటాను. జూన్‌లో తాడిపత్రికి బదిలీ అయింది. అమ్మకు మోకాళ్ళ నొప్పులు, పాప మూడో తరగతి. ఇల్లు మార్చే పరిస్థితి లేదు కాబట్టి సీజన్ టికెట్ తీసుకుని రోజూ రైల్లో వెళ్ళి వస్తున్నాను. పోనూ రానూ కలిపి మూడు గంటలకు తగ్గదు. రైలును ఎక్కడైనా సిగ్నల్ దగ్గర నిలబెడితే ఇంకా ఎక్కువ.

చిన్నప్పుడు మా ఊరి బస్టాండు వెనక అద్దె పుస్తకాల అంగడి ఉండేది. రోజుకు రూపాయి. ఇంటర్ సెలవుల్లో పొద్దున తెచ్చిన నవల సాయంత్రానికి తిరిగి ఇచ్చేసి, అదే రూపాయితో ఇంకొకటి ఇమ్మని బతిమాలేదాన్ని. ఆయన ఇచ్చేవాడు కూడా. అంత చదివిన మనిషిని, ఉద్యోగం, పెళ్ళి, పాప వచ్చాక పదిహేనేళ్ళలో ఒక్క నవల కూడా చివరిదాకా చదవలేదు. బదిలీ ఉత్తర్వు చేతికి వచ్చిన రోజు ఏడుపు వచ్చింది. కానీ ఆ రాత్రే ఇంకో ఆలోచన కూడా వచ్చింది: రోజుకు మూడు గంటలు ఎవరూ నన్ను ఏ పనీ అడగరు. మళ్ళీ చదువుకోవచ్చు.

ఆ సంబరంతోనే డిగ్రీలో సగంలో వదిలేసిన ‘చివరకు మిగిలేది’ సంచిలో పెట్టుకున్నాను. నెల గడిచింది. నలభై పేజీలు దాటలేదు. కడపలో కూర్చోగానే తెరుస్తాను. పాపాఘ్ని వంతెన వచ్చేసరికి మూడు పేజీలు అవుతాయి. కమలాపురంలో కొందరు ఎక్కుతారు, ఎర్రగుంట్లలో పెట్టె నిండిపోతుంది. అక్కడి నుంచి ఒకే పేరా నాలుగుసార్లు చదువుతున్నానని ముద్దనూరులో గాని తెలియదు. మర్నాడు తెరిస్తే నిన్న చదివింది ఎవరో చదివినట్టు ఉంటుంది. సాయంత్రం సంగతి చెప్పనక్కర్లేదు, కళ్ళు మూతలు పడతాయి. పుస్తకం ఒళ్ళో, ఫోను చేతిలో.

ఇంకొకటి కూడా ఉంది. పక్కన కూర్చున్నవాళ్ళు పుస్తకం చూడగానే “పరీక్షా అమ్మా?” అని అడుగుతారు. కాదు, నవల అంటే “ఓహో” అని ఊరుకుంటారు. ఆ తర్వాత నాకే ఏదో పని మానుకుని కూర్చున్నట్టు అనిపిస్తుంది.

రోజూ రైల్లో చదివేవాళ్ళు ఉంటే చెప్పండి. ఎలాంటి నవలలు పనికివస్తాయి? నిన్నటి కథ ఈరోజుకు ఎలా గుర్తుంచుకుంటారు? కాగితం పుస్తకమా, ఫోనా? నాకు మళ్ళీ చదవాలని ఉంది. ఈ అవకాశం పోతే ఇక రాదేమోనని భయంగా ఉంది.


ప్రొద్దుటూరు డెము:

అక్కా, ఎర్రగుంట్ల నుంచి కడప వరకు మీ దారే నాది కూడా. నవలల గురించి పెద్దవాళ్ళు చెబుతారు, నేను సీటు గురించి చెబుతాను. రైలు వెళ్ళే వైపు ముఖం పెట్టి, ఎడమ చేతి కిటికీ పట్టుకోండి. మీ రైలు పొద్దున వాయవ్యం వైపు పోతుంది, ఎండ వెనక నుంచి కుడి పక్కన పడుతుంది. సాయంత్రం ఆగ్నేయం వైపు వస్తుంది, అప్పుడు కూడా ఎండ కుడి పక్కనే. వేసవిలో రెండు పూటలా ఎడమ వైపే నీడ. పేజీ మీద ఎండ పడితే ఎంత మంచి నవలైనా పది నిమిషాల్లో తలనొప్పి తెస్తుంది.

రెండోది, తలుపు దగ్గరి సీట్లు వద్దు. ఎక్కేవాళ్ళు, దిగేవాళ్ళు, జామకాయల బుట్టలు అన్నీ అక్కడే. పెట్టె మధ్యలో కూర్చోండి.


సీజన్ టికెట్:

అమ్మా, నేను ఎర్రగుంట్లలో ఎక్కి తాడిపత్రిలో దిగేవాణ్ణి. ఇరవై రెండేళ్ళు. 2020లో ఉద్యోగ విరమణ చేశాను. మీ ఉత్తరం చదివి, రాయకుండా ఉండలేకపోయాను.

ముందుగా, మీలో లోపం ఏమీ లేదు. ఈ ప్రయాణానికి కుదరని పుస్తకం పట్టుకున్నారు. ‘చివరకు మిగిలేది’ దయానిధి మనసులో నడిచే నవల. అందులో జరిగేదానికన్నా అతను తనలో తాను తవ్వుకునేదే ఎక్కువ. ఒక వాక్యం చదివి, తల ఎత్తి, కాసేపు ఊరుకుని, మళ్ళీ చదవాలి. ఎర్రగుంట్లలో నలభై మంది ఒక్కసారిగా ఎక్కుతుంటే ఆ తల ఎత్తే చోటు దొరకదు. దాన్ని ఇంట్లో పెట్టండి, ఆదివారం మధ్యాహ్నం పాప నిద్రపోయాక తీయండి. దాన్ని వదిలేశానని బాధపడవద్దు.

రైలుకు సరిపడే నవలలు మనకు కొల్లలుగా ఉన్నాయి. దానికి కారణం ఉంది. మన నవలల్లో చాలా భాగం మొదట వారపత్రికల్లో సీరియల్‌గా వచ్చినవి. మా అమ్మ ఆంధ్రప్రభ వారపత్రిక వచ్చే రోజు వంట త్వరగా ముగించేది. ఈ వారం భాగం చదివేది, ఏడు రోజులు ఆగేది, మళ్ళీ చదివేది. ఆ ఏడు రోజుల్లో ఇల్లు, పొలం, మేము ఆరుగురు పిల్లలం. అయినా ఒక్క పాత్ర పేరు మరిచిపోయేది కాదు. పాఠకురాలు వారం తర్వాత వస్తుందని తెలిసి రాసిన రచయిత, ఆమె దారి తప్పకుండా ప్రతి భాగం మొదట్లో ఒక గుర్తు వదిలి పెట్టేవాడు. మీకు ఏడు రోజులు కాదు, ఒక్క రాత్రే ఎడం. అలాంటి నవల ఏది పట్టుకున్నా అది మిమ్మల్ని చేయి పట్టుకుని తీసుకుపోతుంది. కడపలో జిల్లా గ్రంథాలయం ఉంది కదా, పాత బైండు పుస్తకాల వరుసలో వెతకండి. సీరియల్‌గా వచ్చిందో లేదో ముందుమాటలోనే తరచుగా తెలుస్తుంది.

కానీ మొదలు మాత్రం చిన్న పుస్తకంతో పెట్టండి. పదిహేనేళ్ళ తర్వాత ముందుగా కావలసింది ఒక పుస్తకం పూర్తి చేయడం. డాక్టర్ కేశవరెడ్డి రాసిన ‘అతడు అడవిని జయించాడు’ తీసుకోండి. పందులు మేపుకునే ముసలివాడు ఒకడు, ఈనడానికి అడవిలోకి పోయిన పంది, వెతుక్కుంటూ పోయిన ఒక రాత్రి. అంతే కథ. పాత్రల పేర్లు గుర్తుపెట్టుకునే పనే లేదు. కేశవరెడ్డి కుష్ఠు రోగులకు వైద్యం చేసిన డాక్టరు, మన సీమ బిడ్డ. నేను దాన్ని మొదటిసారి చదివినప్పుడు తాడిపత్రి స్టేషన్ వచ్చినా లేవలేదు. పక్కాయన భుజం తడితే లేచాను. దిగాక ప్లాట్‌ఫారం మీద బెంచీ చూసుకుని, మిగిలిన రెండు పేజీలు అక్కడే పూర్తి చేసి ఆఫీసుకు పోయాను.

ఇక గుర్తుంచుకోవడం. నేను చేసిన పద్ధతి చెబుతాను, మీకు నచ్చితే చేయండి. పుస్తకం చివర ఖాళీ పేజీ ఉంటుంది. దాని మీద పెన్సిలుతో పాత్రల పేర్లు, ఎవరికి ఎవరు ఏమవుతారో రాసుకునేవాణ్ణి. కొత్త మనిషి వచ్చినప్పుడల్లా ఒక గీత, ఒక పేరు. పొద్దున చదివిన చివరి పేజీని సాయంత్రం మళ్ళీ మొదటి నుంచి చదివి, ఆ తర్వాతే ముందుకు పోయేవాణ్ణి. ఒక్క పేజీ వెనక్కి పోతే చాలు, కథ మళ్ళీ అందుకుంటుంది.

ఇంకొక అలవాటు. ముద్దనూరు రాకముందు పుస్తకం మూసేసేవాణ్ణి. అక్కడి నుంచి థర్మల్ కేంద్రం పొగగొట్టాలు దూరంగా కనిపిస్తాయి. వాటిని చూస్తూ ఇప్పటిదాకా ఏం జరిగిందో లోలోపల చెప్పుకునేవాణ్ణి, మా అమ్మకు చెబుతున్నట్టు. ఎక్కడ తడబడితే అక్కడ సరిగా చదవలేదని అర్థం. కొండాపురం దాటాక మళ్ళీ తెరిచేవాణ్ణి. గంటసేపు వదలకుండా చదవాలనుకుంటే చదవలేము. రెండు విడతలుగా అయితే చదవగలము.

“పరీక్షా?” అని అడిగేవాళ్ళ గురించి రాశారు. నన్ను కూడా అడిగేవారు. మొదట్లో మీలాగే ముడుచుకునేవాణ్ణి. తర్వాత ఒకటి జరిగింది, అది చెప్పాలి.

2020 జనవరిలో ‘కొండపొలం’ చదువుతున్నాను. మన జిల్లా రచయిత సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి నవల. కరువులో నీళ్ళు, మేత లేక గొర్రెల మందలను తోలుకుని నల్లమల అడవికి పోయే కాపరుల కథ. ఒక సోమవారం ముద్దనూరులో ఒక పెద్దాయన ఎక్కి నా ఎదురుగా కూర్చున్నాడు. భుజం మీద నల్ల గొంగడి, చేతిలో గుడ్డ మూట. తాడిపత్రిలో కూతురి ఇంటికి వారానికి ఒకసారి పోతాడట. “ఏం పుస్తకం సార్?” అన్నాడు. గొర్రెల కాపరుల కథ అన్నాను. ఆయన నమ్మలేదు. “గొర్రెల గురించి పుస్తకం రాస్తారా?” అన్నాడు. నేను ఉన్న పేజీయే గట్టిగా చదివాను. రెండు పేరాలు వినగానే మూట కిందపెట్టి ముందుకు వంగాడు. మంద రాత్రి పూట ఎలా పడుకుంటుందో, దేనికి బెదురుతుందో నవలలో ఉన్నది చదువుతుంటే తల ఊపుతున్నాడు. ఒకచోట ఆపించి, “అవును, ముందు మేకలకు తెలుస్తుంది. గొర్రెలకు తర్వాత” అన్నాడు. ఆ మాట నేను పుస్తకం అంచున రాసుకున్నాను.

తర్వాతి సోమవారం ఆయన పెట్టెలు వెతుక్కుంటూ వచ్చి నా ఎదుట కూర్చున్నాడు. “ఎక్కడ ఆపాము?” అన్నాడు. ఎనిమిది సోమవారాలు చదివాను. నేను మిగతా రోజుల్లో వేరే పుస్తకం చదివేవాణ్ణి, ఇది మాత్రం సోమవారానికే ఉంచేవాణ్ణి. చుట్టూ ఉన్నవాళ్ళు కూడా వినడం మొదలుపెట్టారు. పేకాడేవాళ్ళు ముక్కలు చేతిలో పట్టుకుని విన్న రోజులు ఉన్నాయి. ఆ మార్చిలో రైళ్ళు ఆగిపోయాయి. మళ్ళీ నడిచేసరికి నా ఉద్యోగం అయిపోయింది. ఆయన పేరు నేను అడగలేదు, నా పేరు ఆయనకు తెలియదు. మిగిలిన భాగం నేను ఇంట్లో చదివేశాను. ఆయనకు ముగింపు తెలియదు. ఆ సంగతి ఇప్పటికీ నాకు మనసులో బరువుగానే ఉంది.

అందుకే చెబుతున్నాను, ఎవరైనా అడిగితే “నవల” అని ఊరుకోకండి. ఎవరి కథో చెప్పండి.


ధర్మవరం లేడీస్ పెట్టె:

సార్ రాసింది చదివి చాలాసేపు ఏమీ తోచలేదు. అయినా నా అనుభవం వేరు కాబట్టి రాస్తున్నాను.

నేను అనంతపురం నుంచి ధర్మవరం వెళ్తాను. నాది దగ్గర ప్రయాణం, చాలా రోజులు నిలబడే. ఒక చేయి కమ్మీ మీద ఉంటుంది, రెండో చేత్తో పుస్తకం పట్టుకుని పేజీ తిప్పడం కుదరదు. అలాంటి రోజుల్లో ఫోనే నయం. ఫ్లయిట్ మోడ్‌లో పెట్టి, అక్షరం పెద్దది చేసుకుని చదువుతాను. మెసేజ్ రాదు, కాల్ రాదు. పిల్లల స్కూలు నుంచి ఫోను వస్తుందేమోనని మొదట్లో భయపడ్డాను. ఆ కాసేపటికి వాళ్ళ నాన్న నంబరు స్కూల్లో ఇచ్చాను. ఈ ఏర్పాటు చేసుకోకుండా ఏ తల్లీ నిశ్చింతగా చదవలేదు. అక్కా, ముందు ఆ పని చేయండి.

చిన్న పుస్తకాలతో మొదలుపెట్టమనడం మంచిదే. కానీ అక్కడే ఆగిపోకండి. నేను ‘వేయిపడగలు’ రైల్లోనే చదివాను. ‘నారాయణరావు’ నవలతో కలిసి ఆంధ్ర విశ్వకళాపరిషత్తు బహుమతి పంచుకున్న నవల అని కాలేజీలో విన్నప్పటి నుంచి చదవాలని ఉండేది. అంత లావు పుస్తకం మోయలేక రెండేళ్ళు బీరువాలోనే ఉంచాను. చివరికి మా వీధిలో స్కూలు పుస్తకాలకు అట్టలు వేసే బైండింగ్ ఆయన దగ్గరకు తీసుకుపోయి, దీన్ని నాలుగు చేయండి అన్నాను. ఆయన పుస్తకాన్ని తిప్పి తిప్పి చూసి, “మంచి పుస్తకమమ్మా, కోయమంటారా?” అన్నాడు. కోయవద్దు, కుట్టు విప్పండి అన్నాను. ఫారాలు ఎక్కడికక్కడ విడదీసి, మళ్ళీ కుట్టి, నాలుగు పలుచని భాగాలకు నీలం గుడ్డ అట్టలు వేసి ఇచ్చాడు. ప్రతి భాగం లంచ్ బాక్సు పక్కన పట్టేంత. ఏడు నెలలు పట్టింది. ఆ రచయిత చెప్పిన అన్నిటితో నేను ఏకీభవించను. కొన్ని చోట్ల కోపంతో మూసేశాను కూడా. కానీ ఆ ఏడు నెలలు నాకు రెండు ఊళ్ళు ఉన్నట్టు ఉండేది, ఒకటి అనంతపురం, ఒకటి ఆ నవలలోని సుబ్బన్నపేట.

సీమ గురించి పెద్ద నవల కావాలంటే బండి నారాయణస్వామి గారి ‘శప్తభూమి’ తీసుకోండి. 18వ శతాబ్దపు సీమ, అనంతపురాన్ని ఏలిన హండే రాజుల కాలం. 2019లో కేంద్ర సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చింది. నేను రోజూ చూసే నేల మీదే అదంతా జరిగిందని తెలిశాక కిటికీలోంచి చూపు మారిపోయింది. సాయంత్రం అలసిపోయినప్పుడు నవల వద్దు, కథ చదవండి. మీ జిల్లా కేతు విశ్వనాథరెడ్డి గారి కథలు ఉన్నాయి. ఒక్కొక్కటి రెండు స్టేషన్ల మధ్య అయిపోతుంది, మర్నాటికి ఏదీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు.


పాపాఘ్ని వంతెన:

నెల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి క్షమించండి.

తమ్ముడు చెప్పిన ఎడమ కిటికీ నిజంగా పనిచేసింది. పాప స్కూల్లో వాళ్ళ నాన్న నంబరు ఇచ్చాను. ‘అతడు అడవిని జయించాడు’ అయిదు రోజుల్లో అయిపోయింది. చివరి పేజీ కమలాపురం దాటాక పూర్తయింది. పుస్తకం మూసి కడప వచ్చేదాకా చీకట్లోకి చూస్తూ కూర్చున్నాను. ఇంటికి పోయాక అమ్మ “ఏమైంది, ముఖం అలా ఉంది?” అంది. కథ మొత్తం చెప్పాను. అమ్మ చిన్నప్పుడు వాళ్ళ ఊళ్ళో పందులు మేపేవాళ్ళు ఉండేవారట. వాళ్ళ గుడిసెలు ఎక్కడ ఉండేవో, వాన వస్తే ఎలా ఉండేదో చెప్పింది. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఈ మాటలు మా మధ్య రాలేదు.

ఇప్పుడు ‘కొండపొలం’ చదువుతున్నాను. చివరి ఖాళీ పేజీలో పెన్సిలుతో పేర్లు రాసుకుంటున్నాను.

సార్, ఒక మాట అడగాలి. మీరు ఆయనకు ఎక్కడి వరకు చదివారు? మా రైలు ముద్దనూరులో ఆగినప్పుడు గొంగడి వేసుకున్నవాళ్ళు అప్పుడప్పుడు ఎక్కుతారు. సోమవారాల్లో నేను మధ్య పెట్టెలోనే కూర్చుంటాను. ఆయన ఎలా ఉంటాడో చెప్పగలరా?


సీజన్ టికెట్:

అమ్మా, రాత్రి మీ ఉత్తరం చూసి పుస్తకం బయటికి తీశాను. మూల మడిచి ఉంది. అడవిలో పులి జాడ కనిపించి, అందరూ మందను దగ్గరికి చేర్చే చోటు. ఆ రోజు తాడిపత్రి వచ్చేసింది, “వచ్చే వారం” అన్నాను.

మనిషి పొట్టి. ఇప్పుడు డెబ్బై దాటి ఉంటాయి. కుడి చేతి చూపుడు వేలు మొదటి కణుపు దాకానే ఉంటుంది. చెవులకు పాత కాలపు పోగులు. ఆయన కనిపిస్తే నా గురించి చెప్పనక్కర్లేదు. మేకలకు ముందు తెలుస్తుందన్న మాట నా పుస్తకంలో రాసి ఉందని మాత్రం చెప్పండి. ఆ పేజీ నుంచి మొదలుపెట్టండి.